లిఫ్ట్ వద్దండీ, నడుస్తున్నాను!

ఆ రోజు పొద్దున్నే పెరట్లో కొబ్బరికాయ వలుస్తుంటే ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. గుండెలో నొప్పి లేదు. ఎడమ దవడ లాగుతోంది, ఆయాసం. గ్యాస్ అనుకుని వాము నమిలాను. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారిగా పిల్లల తప్పులు దిద్దిన నేను చేసిన తప్పు అది. మా ఆవిడ సత్యవతి నా మొహం చూసి, నన్నడక్కుండానే ఆటో పిలిచేసింది.

అమలాపురంలో ఈసీజీ తీసి, "హార్ట్ ఎటాక్ అండీ" అన్నారు. అంబులెన్సులో రాజమండ్రి పంపారు. అక్కడ యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. నాకు డెబ్భై రెండేళ్లు. బతికాను, చాలనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక బాత్రూమ్ దాకా వెళ్లాలన్నా సత్యవతి భుజం కావాల్సొచ్చింది. పోతానన్న భయం కన్నా, మిగిలినన్నాళ్లూ ఇలా ఒకరి భుజం మీదే బతకాలేమోనన్న భయం ఎక్కువగా పట్టుకుంది.

చెకప్‌లో డాక్టరుగారు కార్డియాక్ రిహాబ్ రాశారు, అంటే గుండె తేరుకోవడానికి దగ్గరుండి చేయించే వ్యాయామాలు.

"ఈ వయసులో ఎక్సర్‌సైజులేంటండీ?" అన్నాను.

"ఈ వయసు కాబట్టేనండి. కుర్రాళ్లకి కండ తొందరగా తిరిగొస్తుంది. మీకు నెమ్మదిగా వస్తుంది. కానీ వస్తుంది."

ఆ చివరి రెండు మాటలూ పట్టుకుని ఇంటికొచ్చాను.

వారానికి రెండు రోజులు అమలాపురంలో రిహాబ్, మిగతా రోజులు ఇంటి దగ్గర నడక. నాతోపాటే చేరిన మా ఊరి రాంబాబుకి నలభై నాలుగేళ్లు. మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు, సెలవుకొచ్చి ఎటాక్ తెచ్చుకున్నాడు. మొదటి వారంలోనే ట్రెడ్‌మిల్ మీద దూసుకుపోయాడు. నేను నాలుగు నిమిషాలకే కుర్చీ వెతుక్కున్నాను. ఫిజియోథెరపిస్టు మాధవిగారు, "పక్కవారి మెషీన్ చూడకండి మాస్టారూ, మీ పోయిన వారం చూసుకోండి" అనేవారు.

మొదటిరోజు పెట్టిన సిక్స్ మినిట్ వాక్ నెలన్నర తర్వాత మళ్లీ పెట్టారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలమో కొలుస్తారు. నాది దాదాపు మొదటిరోజు దూరమే! ఉసూరుమన్నాను.

"ఇంటి దగ్గర రోజూ నడుస్తున్నారా?" అని అడిగారు మాధవిగారు.

"ఆయ్, రోజూ బయల్దేరుతున్నానండి."

"బయల్దేరి?"

ఇక దాచలేకపోయాను. మా మామిడికుదురులో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. గుమ్మం దాటి వంద అడుగులు వేసేలోపు ఎవరో ఒకరు బండి ఆపుతారు. "అయ్యో మాస్టారూ, మీరు నడవడమేంటండి? ఎక్కండి!" వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఎక్కేవాణ్ణి. సెంటర్లో దిగగానే ఇంకొకరు కుర్చీ వేసి బొండం కొట్టించేవారు. మరొకరు ఇంటి దగ్గర దింపేవారు. మర్యాద కాదనలేక నా నడకంతా బండ్ల మీదే జరిగిపోయింది.

మాధవిగారు పగలబడి నవ్వి, అంతలోనే గట్టిగా చెప్పారు. "చిన్నవాళ్లు నాలుగు రోజులు మానేసినా మళ్లీ అందుకుంటారు. మీకా వెసులుబాటు లేదండి. ఒక్క లిఫ్ట్ కూడా ఎక్కకండి."

మర్నాటి నుంచి సత్యవతి నా పక్కనే నడిచింది. బండి ఆగితే చాలు, "డాక్టరుగారు ఎక్కొద్దన్నారు బాబూ, ఏమనుకోకు" అని నాకన్నా ముందే చెప్పేసేది. పది నిమిషాలు నడిచాను, తర్వాత పదిహేను, తర్వాత అరగంట! చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం మాత్రం మూడు వారాలకి గానీ రాలేదు. వచ్చిన రోజు సత్యవతి ముందు నాలుగుసార్లు లేచి చూపించాను. "చాల్లెండి సంబడం" అంది గానీ, కళ్లు తుడుచుకుంది.

ఆఖరి పరీక్షలో నా దూరం మొదటిదానికి ఒకటిన్నర రెట్లు! ఈల వేయాలనిపించింది. వేశాను కూడా.

రాంబాబు ఒంట్లో బాగుందని సగంలోనే మానేశాడు. మొన్న నేను కూరల సంచితో ఇంటికొస్తుంటే కనిపించి, కబుర్లాడుతూ వెంట నడిచాడు. కాలువ గట్టు మీద కొంత దూరం వెళ్లాక వెనక నుంచి గొంతు: "మాస్టారూ, కాస్త ఆగండి. ఆయాసం వస్తోందండి."

వెంటనే కూర్చోబెట్టి, అట్నుంచటే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ప్రమాదమేం లేదన్నారు. ఇప్పుడు రిహాబ్‌కి మళ్లీ వెళ్తున్నాడు, నేనే దగ్గరుండి పంపుతున్నాను. పాపం అనిపించిన మాట నిజమే. కానీ నలభై నాలుగేళ్లవాడు నన్ను ఆగమన్నాడు! ఆ సంతోషాన్ని దాచుకోవడం నా వల్ల కాలేదు.

నేను చెప్పేది ఒక్కటే. గుండెజబ్బు నుంచి లేచిన పెద్దవారెవరైనా రోడ్డు మీద కనిపిస్తే, మర్యాద కొద్దీ బండి ఎక్కించేయకండి. "వాకింగా అండీ?" అని అడగండి. ఔనంటే, బండి పక్కన పెట్టి ఆయనతో నాలుగడుగులు నడవండి.