రాద్కా పోసిన మూడో గ్లాసు

ట్రోయాన్ పట్నం వెళ్ళే బస్సు కొండ మలుపులో టైరు పంక్చరై ఆగింది. డ్రైవరు జాకీ వెతుక్కుంటుంటే దిగి, బస్టాపు రేకు కింద నిలబడ్డాను. నాతో పాటు దిగిన ఒకావిడ, యాభై అయిదేళ్ళుంటాయి, సంచిలోంచి పోయినవాళ్ళ ఫొటో వేసే చావు కాగితం తీసి గోడకు అంటించబోతోంది. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఏడాదికి ఒకటి. మా వైపు ఇవి లేని గోడ ఉండదు. వానకు ఊడిపోయిన ఏడాది కాగితాన్ని ఆమె మళ్ళీ అంటిస్తోంది.

"పెద్దాయనా, ఆ మూల కాస్త పట్టుకో. అబ్బో, ఏంటా వణుకు? పొద్దున్నే వేసుకొచ్చావా?"

"వయసు తల్లీ."

"తాగి దొరికినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్తారు," అంది కానీ నవ్వలేదు.

ఫొటోలో ఇరవై రెండేళ్ళ పిల్ల. ముందుపళ్ళ మధ్య చిన్న సందు. ఈమెకూ అదే సందు.

బస్సు కదిలాక నా పక్కనే కూర్చుంది. పేరు రాద్కా. కూతురు ఇవెలీనా పని నుంచి నడిచి వస్తుంటే కారు గుద్దింది. తోలినవాడు అంతకుముందే మూడుసార్లు తాగి దొరికాడు. మూడుసార్లూ జరిమానాతో పోయింది. రాద్కా చలికాలమంతా చట్టం మార్చాలని రాజధాని సోఫియాలో మంచులో నిలబడింది, కూతురి ఫొటో ఉన్న బ్యానరుకు ఒక కర్ర పట్టుకుని. రెండో కర్ర ఆమె తమ్ముడు లాజర్ పట్టుకున్నాడు. చివరికి చట్టం మారింది. రెండోసారి దొరికితే జైలే, బతిమాలడాలు లేవు.

ఎప్పుడో చదివాను, పూర్వం ఒక గ్రీకు ద్వీపాన్ని ఏలినవాడు తాగి చేసిన తప్పుకు రెట్టింపు శిక్ష పెట్టాడట. ఆ ద్వీపం ద్రాక్షసారాకు పేరు. తన ఇంట్లోవాడే దొరికిన రోజున ఆయన ఏం చేశాడో ఆ పుస్తకంలో లేదు.

"శనివారం దాని ఏడాది పెట్టాను," అంది రాద్కా. "సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచాను. రకియా సారా పోశాను. తల్లి చేత్తో పోస్తే కాదనకూడదు కదా. లాజర్ చాలక్కా అన్నాడు. మేనకోడలి కోసం ఇంకొక్కటిరా అని మూడోది నేనే పోశాను. ఆరేళ్ళ కిందట వాడూ తాగి తోలుతూ ఒకసారి దొరికాడు. అది తెలిసీ పోశాను."

"నువ్వు తాగలేదా?"

"పిల్ల పోయాక చుక్క ముట్టలేదు. స్టీరింగూ ముట్టలేదు. లైసెన్సుంది, చేతులే రావు. వాడు కూర్చున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. మన ఊరే కదా, రెండు కిలోమీటర్లే కదా అనుకున్నాను." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నా పిల్లను చంపినవాడు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు."

కారు కాలువలోకి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ బయట నిలబడి ఉన్నారు. ఎవరు తోలారో చూసినవాళ్ళు లేరు. లాజర్ నోరు విప్పలేదు, అక్క మొహం చూశాడంతే. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. ఈ రోజు ట్రోయాన్ పోలీస్ స్టేషన్‌లో ఆమె వాంగ్మూలం ఇవ్వాలి.

"ఏడాది పాటు పొద్దున్నే సూపు తెచ్చి, నేను తినేదాకా గుమ్మంలో కూర్చున్నవాడు," అంది. తర్వాత దారంతా కిటికీలోంచే చూసింది.

ట్రోయాన్‌లో దిగగానే లాజర్ భార్య త్స్వెతా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదినా, నేనే తోలానని ఒక్క మాట చెప్పు. నువ్వు తాగలేదు, నీకేం కాదు. నీ తమ్ముడమ్మా ఆయన."

"తోలింది వాడేనే," అంది రాద్కా నెమ్మదిగా. "అదే చెప్తాను. పోసింది నేనని కూడా రాయమంటాను."

"పోసినందుకు నిన్నెవరూ జైల్లో పెట్టరు! ఆయన్ని పెడతారు!"

"తెలుసు."

త్స్వెతా అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. రాద్కా సంచి తెరిచి మిగిలిన కాగితాలు, టేపు నా చేతుల్లో పెట్టింది. తలగుడ్డ బిగించుకుని, వెనక్కి తిరగకుండా స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది.