మేకుతో గీసిన గుర్తు

ఆళ్లగడ్డ ఫిలిప్ ఎవరినీ దొంగ అనడు. అలాగని ఎవరినీ నమ్మడు. డీజిల్ పట్టించేటప్పుడు బండి దిగి మీటరు పక్కనే నిలబడతాడు. ట్యూబు పంక్చరుకు ఇస్తే దాని మీద పెన్నుతో గీత పెడతాడు. చర్చిలో ప్రార్థన చేస్తున్నా ఒక కన్ను గుమ్మంలోని చెప్పుల మీదే ఉంటుందని అతని భార్య రెబెకా నవ్వుతూ చెబుతుంది.

అతనిది మినీ లారీ. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఊళ్లకు చేరవేస్తాడు. లోడులన్నీ భారతమ్మ గారి శిల్పశాలవే. గడ్డి పరిచి, విగ్రహాన్ని పడుకోబెట్టి, తాళ్లు బిగించి పంపుతారు. దారిలో ముక్కో వేలో చిట్లిందా, ఆ విగ్రహం గుడికి పనికిరాదు. తెచ్చినవాడికి ఇంకో లోడు రాదు.

నిరుడు ఎండాకాలంలో బండి ఎత్తు ఎక్కనని మొరాయించింది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. నంద్యాలలో మెకానిక్ మద్దిలేటి షెడ్డుకు తీసుకుపోతే, విప్పి చూసి ప్రెషర్ ప్లేటు పోయిందన్నాడు. క్లచ్ ప్లేటును ఇంజన్ చక్రానికి అదిమిపట్టేది అదే. ఆ పట్టు ఉంటేనే ఇంజన్ బలం టైర్లకు అందుతుంది. క్లచ్ పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది. ఫిలిప్ కొత్త ప్లేటు తనే కొనుక్కొచ్చి, చాటుగా దాని అంచు మీద మేకుతో సిలువ గీశాడు. టీ తాగి వచ్చేసరికి మద్దిలేటి బిగించేశాడు.

వానలు పడేసరికి బండి మళ్లీ అదే వరస. శ్రీశైలం దగ్గర ఒక గుడికి అమ్మవారి విగ్రహం వెళ్లాలి, ఘాట్ ఎక్కాలి. బండి బాగుకాకపోతే వేరే బండి చూసుకుంటానని భారతమ్మ గారు చెప్పేశారు. నంద్యాల దాకా ఫిలిప్‌కు ఆ టీ ఒక్కటే గుర్తుకొచ్చింది.

"నువ్వు మార్చినావని నేనంట్లేదన్నా. ఇప్పు. నేను ఈడనే కూచుంటా."

మద్దిలేటి విప్పాడు. ప్లేటు కాలి నీలంగా మారింది. ఫిలిప్ గుడ్డతో అంచు తుడిచాడు. సిలువ అక్కడే ఉంది. అదేమిటో మద్దిలేటికీ అర్థమైంది. పానాలు సర్దుకున్నాడు. ఫిలిప్ అనుమానం ప్లేటు అమ్మిన కొట్టు మీదికి మళ్లింది. ఇంకో కొట్లో ఇంకో ప్లేటు తెచ్చాడు.

మద్దిలేటి మేకు అందించాడు. "గీసుకోప్పా. ఈసారి నా ముందరే గీసుకో."

ఫిలిప్ సిగ్గుపడ్డాడు. అయినా గీశాడు.

బిగించాక మద్దిలేటి కూడా బండెక్కాడు. ఆళ్లగడ్డకు ఖాళీగా పోయినంతసేపు ఏ తేడా లేదు. అక్కడ, బండిఆత్మకూరు అనే ఊరికి పోవాల్సిన నంది విగ్రహాన్ని ఎక్కించుకుని తిరిగొస్తుంటే, శిరివెళ్ల స్పీడ్‌బ్రేకర్ల దగ్గర ఫిలిప్ ఎడమ కాలు పెడల్ మీదికి చేరింది. స్పీడ్‌బ్రేకర్లు దాటినా దిగలేదు.

"కాలు తియ్యి."

"తీస్తే కుదుపుతాదన్నా. ఎనక నంది ఉండాది. చెవి ఇరిగితే?"

"సగం తొక్కి పట్టుకుంటాండావ్. ప్లేటు గట్టిగా పట్టుకోదు, పూర్తిగా ఇడ్సదు. రాసుకొని రాసుకొని కాల్తాది. అందరికీ గుర్తులు పెట్టినావ్ గానీ, నీ కాలికి పెట్టుకోలేదే."

ఫిలిప్ కాలు కిందికి దించాడు. అంత మెత్తగా నడిపేది తానొక్కడినేనని అతనికి ఇన్నాళ్లూ గర్వం.

అమ్మవారిని ఎక్కించిన రోజు రెబెకాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొండ చూద్దామని ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఆడేం లేదు. నా కాలు సూడు," అన్నాడు ఫిలిప్. "నాకు దాని మీద నమ్మకం లేదు."