ఐదో టేబుల్‌కి వేసిన ఎరుపు

ఎనిమిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అమ్మకి చెప్పలేదు, మా ఆయనకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీ ముందు నోరు పెగులుతోంది. పేరు మాత్రం అడగకండి.

నేనొక మనిషి పనిని తప్పుగా చూపించాను. తప్పని తెలిశాక కూడా ఊరుకున్నాను. మొదటిది పొరపాటు. రెండోదానికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పుడు నేను రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చేసేదాన్ని. కంచరపాలెం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. హాల్లో పది టేబుళ్లు, ఒక్కో దాని దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్లు నిలబడి రొయ్యలు ఒలిచేవారు. ఏ టేబుల్ ఏ గంటలో ఎన్ని కిలోలు ఒలిచిందో సూపర్‌వైజరు కాగితం మీద రాసేవాడు. ఆ కాగితాలు ఎక్సెల్‌లోకి ఎక్కించడం నా పని. మేనేజరు గారు ఒకరోజు పిలిచి, ఈ అంకెలు ఎవరు చదువుతారమ్మా, చూడగానే తెలిసేలా ఏదైనా చెయ్యి అన్నారు.

రంగులు వెయ్యడం కొత్తగా నేర్చుకున్నాను. అప్పటికి నాకు మూడు రంగులు వెయ్యడమే వచ్చు. బాగా చేస్తే ఆకుపచ్చ, మధ్యస్థమైతే పసుపు, తక్కువైతే ఎరుపు. టేబుళ్లు అడ్డంగా, గంటలు నిలువుగా పెట్టి, రెండు వారాల సగటు తీశాను. తెర మీద హాలంతా రంగుల్లో కనబడింది. నాకు నేనే ముచ్చటపడ్డాను, అబద్ధమెందుకు.

ఐదో టేబుల్ దగ్గర మాత్రం కొన్ని గళ్లలో అంకె రాలేదు, ఎర్రర్ అని వచ్చింది. కాగితాల్లో అక్కడ సూపర్‌వైజరు గీతలు పెట్టాడు. గీతంటే ఏమిటో వెళ్లి అడగాలి కదా? హాలు అరవై అడుగుల దూరంలో ఉంది. నేను లేవలేదు. గీతలన్నిటినీ ఒక్క నొక్కుతో సున్నాలు చేసేశాను. ఎర్రర్లు పోయాయి. ఐదో టేబుల్ సగం పైగా ఎర్రబడింది.

ఆ టేబుల్‌కి పెద్ద నూకాలమ్మ. సముద్రం ఒడ్డు ఊరి మనిషి, యాభై దాటి ఉంటాయి. ఫ్యాక్టరీ తెరిచిన రోజు నుంచీ అక్కడే. మిగతా ఏడుగురూ ఆవిడ ఊరివాళ్లే, పని నేర్పి నిలబెట్టింది ఆవిడే. మేమంతా పిన్నీ అనేవాళ్లం. మేనేజరు గారు నా రంగుల పట్టికని పెద్దగా ప్రింట్ తీయించి హాలు గోడకి అంటించారు. ఆ మధ్యాహ్నం నూకాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని ముందు నిలబడింది.

"పాపా, ఆ ఎర్రగున్నది మా టేబులేనా?"

"అవును పిన్నీ."

"బండి తిరిగే దారిలో మాది ఆకరి టేబులు గదా. ఐసు బండి మాకాడికి వచ్చేసరికి ఖాళీ అయిపోయీది. ఐసు లేకపోతే రొయ్యలివ్వరు, మేం ఊరికే నిల్సుండీవోళ్లం. ఆ గంటలు ఇందులో ఎక్కడున్నాయి?"

గీతంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆవిడ ముందే, ఆ క్షణంలోనే తెలిసింది. అయినా నేనన్నదేమిటో తెలుసా?

"అదంతా కంప్యూటరే చూసుకుంటుంది పిన్నీ. అది తప్పు చెప్పదు."

"అలాగేటి. సదువుకున్నది గదా, దానికి తెలుస్తాదిలే," అని వెళ్లిపోయింది.

వెక్కిరించిందా? లేదు. నమ్మింది. అదే నన్ను ఇన్నేళ్లూ తినేసింది. సీటుకి వెళ్లి గీతలు మళ్లీ పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ వారమే నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. నా తెలివిని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు పోతుందని భయపడ్డానా, తప్పు చేశానని చెప్పడానికి సిగ్గుపడ్డానా, లేక ఆవిడకి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరని ధైర్యం వచ్చిందా? మూడూ ఉన్నాయి. మూడోదే ఎక్కువని ఒప్పుకోవాలి.

ఐదో టేబుల్‌ని విడగొట్టారు. ఏడుగురినీ తలో టేబుల్‌కీ పంపారు. నూకాలమ్మని ట్రేలు కడిగే చోట పెట్టారు. కొన్ని నెలలు కడిగింది. తర్వాత రావడం మానేసింది. నన్నెప్పుడూ నిలదీయలేదు. ఎదురైతే బాగున్నావా పాపా అనేది, అంతే.

తర్వాత నేనూ ఉద్యోగం మారాను. ఇప్పుడు రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో, కొత్తగా చేరినవాళ్లకి ఇదే పని నేర్పుతున్నాను. చూశారా, ఎవరి చేతిలో ఏం పెట్టారో. పోయిన వారం ఒక అమ్మాయి, "మేడమ్, ఈ ఖాళీలన్నీ సున్నాలు చేసేయనా?" అంది. వద్దు, అవి రాసినవాళ్లకి ఫోన్ చేసి అడుగు అన్నాను. వెంటనే చేసింది. ఆ రోజు మెషీన్ ఆగిపోయిందట. ఆ గళ్లకి ఏ రంగూ వెయ్యకుండా వదిలి, కింద కారణం రాసింది. అంత చిన్న పని. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దుమ్ము పడిందన్నాను.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు రాసిన ఆ కాగితాల జిరాక్సులు నా దగ్గరే ఉన్నాయి. ఎందుకు దాచానో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుస్తోంది. నిన్న గీతల్ని గీతలుగానే ఉంచి మళ్లీ చేశాను. ఐదో టేబుల్ పని దొరికిన ప్రతి గంటా ఆకుపచ్చగా వచ్చింది. ఒక్క గడి తప్ప, అది పసుపు. అంత బాగా చేసేవారు వాళ్లు.

నూకాలమ్మ ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపలు అమ్ముతోందని తెలుసు. రెండుసార్లు బస్సులోంచి చూసి తల తిప్పుకున్నాను. రేపు ఆదివారం. ఈ ప్రింటు తీసుకుని వెళ్తున్నాను. తిట్టవచ్చు. ఇప్పుడేటి లాభం అనవచ్చు. చేపలు చుట్టివ్వడానికి ఆ కాగితమే వాడుకోవచ్చు, అదీ న్యాయమే. క్షమించమని అడగను, అది అడిగే హక్కు నాకు లేదు. ఒక్క వాక్యం చెప్పి వస్తాను. ఎనిమిదేళ్లు గొంతు దాటనిది, ముందుగా మీ దగ్గర అంటున్నాను. అంటుంటేనే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.

పిన్నీ, ఆ సున్నాలు కంప్యూటర్ వెయ్యలేదు. నేను వేశాను.