ఒక గోడ, రెండు పట్టాలు

"ఈ గోడ మీద సెయ్యేసేవంటే సూడు! నా దూలం దీని మీదే ఉన్నాది," అన్నాను.

"నీ దూలం ఉంటే ఉన్నాది. నా దూలం తుఫానుకే పోనాది. ఈ ఉత్తగోడ నాకెందుకప్పా? ఇంజినీరమ్మ గడువెట్టీసింది. ఈ వారంలో పునాది పడకపోతే ఇల్లు రద్దయిపోతాది. అప్పుడు నానెక్కడికెల్తాను, నీ నెత్తి మీదికా?"

"నా నెత్తి మీదికే తెత్తన్నావు కదే! గోడ పడిపోతే కప్పు ఎక్కడ పడతాదనుకున్నావు?"

"గవర్మెంటోలు నీకూ ఇల్లిత్తామంటే ఒల్లనన్నావు. నువ్వూ కట్టుకోవు, నన్నూ కట్టుకోనివ్వవు. ఇదేటి న్యాయం?"

అందులో అబద్ధం లేదు మరి.

ఆ మాట అన్నది నా తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. మా ఊరు ఉద్దానంలో, పలాసకీ బారువకీ మధ్య ఉంది. నలభై ఏళ్లకు పైగా ఆ గోడకి ఇటు నేను, అటు ఆమె. మా వీధిలో ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. రెండిళ్లకి మధ్య ఒక్కటే గోడ. ఇటువాళ్ల దూలం కొస, అటువాళ్ల దూలం కొస దాని మీదే ఆనుతాయి. పెద్దవాళ్లు మట్టీ కర్రా కలిసొస్తాయని అలా కట్టారట. సముద్రం గాలికి ఒంటిగా ఉన్న ఇల్లు ఆగదని కూడా అనేవారు. మా గోడకి మధ్యలో రెండువైపులా తెరిచి ఉన్న గూడు ఒకటి ఉండేది. కరెంటు రాకముందు అందులో ఒక్క దీపం పెడితే రెండిళ్లకీ వెలుగు. ఒకరోజు కిరసనాయిలు నాది, మరోరోజు ఆమెది. వత్తి పెద్దది చేసిందని నేను ఎన్నిసార్లు కేకలేశానో లెక్కలేదు.

వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి, గాలి ఇటు నుంచి అటు పోవాలని. ముందు అరుగు వీధి పొడుగునా ఒక్కటే. ఆడవాళ్లమంతా దాని మీద కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీసేవాళ్లం. వాన పడినా కాలు తడవకుండా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లొచ్చేవాళ్లం.

తర్వాత ప్రభుత్వాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి మా వీధిని తలోరకంగా మార్చాయి. ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా పాత సిమెంటు రోడ్డు మీద కొత్త రోడ్డు పోశారు. పాతది తవ్వి తీయరు, దాని మీదే పోస్తారు. నేను కాపురానికి వచ్చినప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లాను. ఇప్పుడు రోడ్డు మీద నుంచి ఒక మెట్టు దిగాలి. కాలువ కోసం అరుగు కొంత కొట్టేశారు. మరుగుదొడ్డి కట్టించుకోమన్నారు. వీధి కొసన సచివాలయం కట్టి, పైవాళ్లు మారినప్పుడల్లా రంగు మార్చారు. ప్రతిదానికీ నేను తిట్టాను, ప్రతిదాన్నీ వాడుకున్నాను. మరుగుదొడ్డి వచ్చాక వర్షాకాలంలో పొద్దున్నే తోటలోకి వెళ్లే బాధ తప్పింది. రోడ్డు వచ్చాక పలాస ఆటో గుమ్మం ముందే ఆగుతోంది. కొళాయి సంగతి వేరు. మా ఆయన, ఆమె ఆయన ఇద్దరూ కిడ్నీ జబ్బుతోనే పోయారు. నీళ్ల వల్లో మరి దేని వల్లో మాకు ఎవరూ తేల్చి చెప్పలేదు. అందుకే ఎక్కడి నుంచో పైపులో నీళ్లు మా గుమ్మం దాకా వచ్చిన రోజున నేను ఎవరినీ తిట్టలేదు. బిందె నిండేవరకు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తుఫానుకి ఆమె ఇంటి కప్పు మొత్తం ఎగిరిపోయింది, నాకు పెంకులు మాత్రం పోయాయి. అప్పటి నుంచి ఆమె నాలుగు రేకుల కింద ఉంటోంది. ఇళ్ల పథకం వచ్చినప్పుడు మా ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. పాత ఇల్లు తీసేసి, వాళ్లు అచ్చేసిన ప్లాను ప్రకారమే కట్టుకోవాలన్నారు. నిలబడి ఉన్న ఇంటిని పడగొట్టడం నాకు దుబారా అనిపించింది. ఒల్లనన్నాను. ఆమెది మంజూరైంది.

ప్లాను ప్రకారం కొత్త పునాది గోడ ఉన్నచోటే పడుతుందని మేస్త్రి దాన్ని కొట్టడానికి గునపం తెచ్చిన రోజున మొదలైన తగువే ఇది. ఆమధ్య ప్రభుత్వంవాళ్లు ఇళ్లు కొలిచి ఇచ్చిన పట్టాలు ఇద్దరం తెచ్చుకున్నాం. నేను మూడో తరగతి దాకా చదివాను, కూడబలుక్కుని చదవగలను. నా కాగితంలో గోడ నాదని ఉంది. ఆమె కాగితంలో ఆమెదని ఉంది.

సాయంత్రం నాలుగింటికి సచివాలయం ఇంజినీరమ్మ టేపు పట్టుకుని వచ్చింది. టెక్కలి అమ్మాయి, నా మనవరాలి వయసు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వేసింది.

"మామ్మా, కొలతలకి వచ్చినప్పుడు గోడ ఎవరిదని చెప్పారు?"

"మాదనే సెప్పాను. మాది కాక ఎవులిది?"

"నానూ మాదనే సెప్పాను," అంది తోటికోడలు.

"అదీ సంగతి. కాగితం మీద రెండు గోడలున్నాయి, నేల మీద ఒకటే ఉంది."

మాలో ఎవరికీ అబద్ధమాడే ఉద్దేశం లేదు. ఆ గోడని మా వీధిలో ఎవరైనా మా గోడ అనే అంటారు. కొలిచినవాళ్లు కూడా ఎవరు చెప్పింది వాళ్లకి రాసేశారు.

"ఇంకో దారి లేదేటమ్మా?" అని మేస్త్రి అడిగాడు.

"గోడ వదిలేసి ఇల్లు అటు ఒక మూర జరపొచ్చు," అంది ఆ పిల్ల. "కానీ అటువైపు సందు మూసుకుపోతుంది. ప్లానులో వెనక తలుపు లేదు. ఆవిడ పెరట్లోకి ఎలా వెళ్తారు?"

తోటికోడలిది వరసలో కొసఇల్లు. అటువైపు ఒక మనిషి బిందెతో నడిచేంత సందు ఉంది. పెరట్లో మరుగుదొడ్డి, రెండు మేకలు, మునగచెట్టు. అన్నిటికీ ఆ సందే దారి.

"ఎనకాల గుమ్మం లేని ఇల్లు ఏ మారాజు గీసేడే?" అన్నాను.

"మాకు పై నుంచి వచ్చిన బొమ్మ మామ్మా. మార్చితే బిల్లు రాదు."

తోటికోడలు నా వైపు చూడలేదు. "గాలాడని ఇల్లు, దారి లేని ఇల్లు. ఇంక నాకేటి మిగిలింది?" అని రేకుల కిందకి వెళ్లిపోయింది. నేనూ లోపలికి వచ్చి దూలం కింద కూర్చున్నాను. వానలకి ఇంకా నెల లేదు. గోడ పోతే నా ఇల్లు పోతుంది. గడువు దాటితే ఆమె ఇల్లు పోతుంది. ఇటువైపు నుంచి ఒక్క మాట మెత్తగా అని ఉండాల్సింది. అనలేదు. అది నా గుణం.

ఆ గోడ ఇంకా నిలబడే ఉంది. దానికి ఆనుకునే ఇది మనవరాలి చేత రాయిస్తున్నాను. పథకాల వల్ల నాకు చాలా మేలు జరిగింది, కాదనను. కొళాయి నీళ్లు తాగినప్పుడల్లా ఆ పెట్టినవాళ్లకి మనసులో దండం పెడతాను. కానీ నా నెత్తి మీద ఈ కప్పు ఉండడానికి ఏ కాగితమూ కారణం కాదు, తోటికోడలే కారణం. ఈ మాట ఆమెతో నేను ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాయిస్తున్నాను.

ఇంజినీరమ్మ కొలిచి వెళ్లిన మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి మేస్త్రి సున్నంతో గీతలు పోసేశాడు. మొదటి గీత మా గోడకి మూరెడు దూరంలో ఉంది, ఆ మూరెడులో బిందెతో మనిషి పట్టడు. చివరి గీత సందుని సగానికి పైగా తినేసింది. మిగిలింది పిల్లి నడవడానికే సరిపోతుంది. ఇంజినీరమ్మ వచ్చి ఫోటో తీసుకుంది. ఎనిమిదింటికి తవ్వకం మొదలైంది.

కాసేపటికి తోటికోడలు చేతిలో మేకల కుడితి బాల్చీతో నా వీధి గుమ్మంలోకి వచ్చింది. అడగలేదు, ఆగలేదు. నట్టింట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి నా పెరట్లోకి నడిచింది. అక్కడ మా రెండు పెరళ్ల మధ్య కంచెలో రెండు కర్రలు ముందే పీకేసి ఉన్నాయి. అందులోంచి తన పెరట్లోకి దాటింది. దారి పొడుగునా కుడితి ఒలికింది.

"నేల సూసుకోవేటి?" అన్నాను.

"నీ మంచం అడ్డుగా ఉన్నాది," అంది పెరట్లోంచి.

నేల తుడిచాను. మంచం గోడవైపుకి జరిపాను.