అమ్మ ఇంటిపేరు

కువైట్‌లో, అల్ రాయ్‌లోని మా గోడౌన్‌లో పనిచేసే ఫిలిప్పీనో అమ్మాయిలను వాళ్ల దేశపు పింఛను, ఆరోగ్య బీమాలకు నమోదు చేస్తున్నాం. వాళ్ల పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. మా మేనేజరు సత్తిబాబుకి అది నచ్చలేదు.

"అమ్మ ఇంటిపేరు ఎవడిక్కావాలమ్మా? తీసేసి నాన్న పేరు పెట్టెయ్" అన్నాడు నాతో.

"ఆ పేరు తీసేస్తే అది నేను కాదు సార్" అంది ఆ అమ్మాయిల్లో ఒకతైన లీజా. అతను వినలేదు.

అలా పంపిన దరఖాస్తులన్నీ తిరిగొచ్చాయి. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, తలుపు తోసుకొచ్చి, "యా అప్పారావ్, ఏంటిది?" అని కేకేశాడు. సత్తిబాబు చేతులు కట్టుకుని లేచాడు.

అప్పారావు అతని తండ్రి. పాస్‌పోర్టులో తండ్రీకొడుకుల పేర్లు తారుమారయ్యాయట. ఇన్నేళ్లలో తన పేరు అది కాదని కఫీల్‌కి చెప్పుకోలేని మనిషి, లీజా వాళ్లమ్మ పేరు కొట్టేయించాడు.

ఆ రోజు నుంచి నేనూ అతన్ని "అప్పారావుగారూ" అనే పిలుస్తున్నాను. పలుకుతున్నాడు.