అమ్మీ కొలతలు

వనపర్తి పాత బస్టాండు వెనక సందులో ఇష్రత్ కుట్టు దుకాణం ఉంది. దానికి బోర్డు లేదు. జాకెట్టు ఒంటికి కుదరాలంటే ఎక్కడికి పోవాలో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలుసు కాబట్టి బోర్డు అవసరం పడలేదు. మనిషి గడప దాటి లోపలికొచ్చేసరికే ఇష్రత్ కళ్ళు సగం కొలతలు తీసేస్తాయి, మిగిలిన సగానికే టేపు. "పోయిన రంజాన్ కన్న జర ఒళ్ళు చేసినవ్ వదినా" అని ఆమె అంటే ఎదుటి మనిషి సిగ్గుపడాల్సిందే తప్ప కాదనడానికి లేదు. ముప్పై నాలుగేళ్ళ వయసు, పదిహేనేళ్ళ పనితనం. తన కంటి మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఆమెను ఎంత ఏడిపించిందో చెప్పడానికే ఇదంతా.

కరోనాకు దుకాణాలు మూతపడ్డ ఏడాది, పనిలేక కూచున్నప్పుడు ఆమెకు ఫోనులో ఒక లోకం దొరికింది. అక్కడ ఎవరి బొమ్మ వాళ్ళకుంటుంది. బొమ్మ నడుస్తుంది, కూచుంటుంది, కొండలెక్కుతుంది, ఎక్కడెక్కడి మనుషుల బొమ్మలతోనో మాట్లాడుతుంది. దాని బట్టలు, నగలు, చెప్పులు అన్నీ ఎవరో ఒకరు తయారు చేసి పెట్టాలి. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదేనేమో. అయితే ఆ వైకుంఠంలో బట్టలు చూసి ఇష్రత్‌కు ఒళ్ళు మండింది. కుచ్చిళ్ళు రేకు ముక్కల్లా నిలబడి ఉన్నాయి. దుపట్టా భుజంలో దూరి వీపులోంచి బయటికొస్తోంది.

"దర్జీ అన్నోడే లేడా ఈ దేశంల?" అని తనే మొదలుపెట్టింది.

ఆర్నెల్లు తిప్పలు పడి నేర్చుకుంది. నూలు చీరకు పట్టు అంచు కలిసేచోట సన్నటి గీత కనబడేలా గద్వాల చీర చేసింది. తల తిప్పితే ఊగే జుంకాలు చేసింది. పేరైనా పలకరాని దేశాల ఆడవాళ్ళు వాటిని తమ బొమ్మలకు తొడిగి తిప్పుతుంటే, మిషను మీద మోచేతులు ఆనించి మురిసిపోతూ చూసేది. ఆ లోకం ఆమెకు నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఎవరూ చచ్చిపోరు.

చావంటే ఇష్రత్‌కు చెప్పలేనంత భయం. ఎనిమిదేళ్ళప్పుడు నాయనమ్మ శవం పక్కన ఒక్కదాన్నే కూచోబెట్టి పెద్దవాళ్ళు ఏదో పని మీద బయటికి పోయారు. గంటసేపు ఎవరూ రాలేదు. అప్పటినుంచి సందులో శవాన్ని మోసుకుపోయే జనాజా లేచిందంటే తలుపు వేసుకుని చెవులు మూసుకునేది. అట్లాంటి పిల్ల పోయి పోయి కుబ్రా బేగం ఇంటికే కోడలుగా వచ్చింది.

కుబ్రా బేగం ఆ పేటలో ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించి, కఫన్ అనే తెల్లగుడ్డ చుట్టే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఎవరింట్లో చావు జరిగినా ఆమెకే కబురు వచ్చేది. అన్నం ముందు కూచున్నా చెయ్యి కడుక్కుని లేచేది. పాన్‌గల్ దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, ఉర్దూ కన్నా తెలుగే ముందు నోటికొచ్చేది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఈ ఇద్దరినీ చూస్తే ఆ సామెత చెప్పినవాళ్ళే నాలుక్కరుచుకుంటారు. ఇష్రత్ ఆమెను అమ్మీ అని పిలిచేది. ఒక్క విషయంలోనే ఇద్దరికీ పడేది కాదు.

"నా తర్వాత ఈ పని ఎవరు చేస్తరు బేటీ? నువ్వు నేర్చుకో."

"వెయ్యి జాకెట్లు కుట్టమను, కుడ్త. గది మాత్రం నాతోని కాదు అమ్మీ."

రెండేళ్ళ కింద కుబ్రా బేగం కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. నాగర్‌కర్నూల్‌లో కూతురు ముబషిరా ఇల్లు దవాఖానకు నాలుగడుగుల దూరం. అక్కడ ఉండడమే మేలని ఇష్రత్ భర్త అఫ్జల్ తేల్చాడు. బయలుదేరే ముందు రోజు ఇష్రత్ అత్తను దుకాణంలో నిలబెట్టి తల నుంచి పాదం దాకా టేపుతో కొలిచింది. మెడ, ఛాతీ, నడుము, మోచెయ్యి, మణికట్టు, ఒక్కటీ వదల్లేదు. ఆ అంకెలన్నీ కొలతల పుస్తకంలో రాసుకుని, ఫోనులో వేసి అమ్మీకి ఒక బొమ్మను తయారు చేసింది. గళ్ళ నూలు చీర, మోచేతుల దాకా జాకెట్టు, నడుముకు తాడు లాగితే మూసుకునే వక్కల సంచి. బొమ్మ వచ్చి ఎదురుగా నిలబడగానే కుబ్రా బేగం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓయమ్మ, గిది నేనే గద! తమలపాకులు తెచ్చుకున్ననా?"

డయాలసిస్ అంటే నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఎడమ చెయ్యి యంత్రానికి ఇస్తే కుడి చెయ్యి ఖాళీ. ఆ కుడి చేతి బొటనవేలితో కుబ్రా బేగం లోకమంతా తిరిగింది. ఇటు దుకాణంలో మిషను ఆపి ఇష్రత్ తన బొమ్మను తోడు నడిపించేది. మొదటిసారి సముద్రం ఒడ్డుకు తీసుకుపోతే పెద్దావిడ బొమ్మను నీళ్ళ అంచుదాకా నడిపించింది.

"జూరాల డ్యాము కన్న పెద్దగున్నదే" అంది. "మరి వాసన రాదేంది?"

మంచు కొండకు పోయిన రోజు చలికి శాలువా కావాలని పట్టుబట్టింది. బొమ్మకు చలి వెయ్యదని చెప్తే వినలేదు. "చూసేటోళ్ళకు ఏస్తది గద!" అంది. సాయంత్రంలోగా ఇష్రత్ శాలువా చేసిచ్చింది. దారిలో ఎవరో పరాయి దేశపు పిల్ల వక్కల సంచిని చూసి ముచ్చటపడితే, ఆమెకూ ఒకటి చేసిచ్చేదాకా కుబ్రా బేగం కోడలిని నిద్రపోనివ్వలేదు. ముప్పై ఏళ్ళు ఆ పేట దాటని మనిషి కాలికి బలపం కట్టుకుని తిరిగింది, మంచం మీది నుంచే.

మొదటి మూడు నెలలు ఇష్రత్ పదిహేను రోజులకోసారి బిజినేపల్లి మీదుగా బస్సులో నాగర్‌కర్నూల్ పోయి వచ్చేది. తర్వాత పెళ్ళిళ్ళ సీజను మొదలైంది. "ఎందుకు బిడ్డా బస్సుల ఊగుకుంట వస్తవ్? దినాం కలుస్తనే ఉన్నం గద" అంది కుబ్రా బేగం. నిజమే కదా అనిపించింది. వీడియో కాల్ చేస్తానంటే మాత్రం ఒప్పుకునేది కాదు, దవాఖానలో తల దువ్వుకోకుండా ఉన్నాననేది. అఫ్జల్ ఆదివారాలు పోయి వచ్చి, "మంచిగనే ఉన్నది" అనేవాడు. అంతకు మించి అడిగితే బండి తుడవడానికి లేచిపోయేవాడు. అట్లా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో ఇష్రత్ అత్తను చూడని రోజు లేదు, చూసిన రోజూ లేదు.

ఆ తర్వాత ఒకనాడు సముద్రం ఒడ్డున రెండు బొమ్మలూ కూచుని ఉన్నప్పుడు కుబ్రా బేగం గొంతు వినిపించింది.

"నన్ను నువ్వే కడగాలె ఇష్రత్. ముబషిరా ఏడ్చుకుంట కూలబడ్తది. పరాయోళ్ళ చేతిల నన్ను పెట్టకు."

ఇష్రత్ ఫోను బోర్లించి పెట్టింది. రెండు రోజులు దాన్ని ముట్టలేదు. మూడో రోజు కుబ్రా బేగం మళ్ళీ పిలిచింది.

"ఆ బొమ్మను పండవెట్టు. నేర్పిస్త."

"మీ బొమ్మ మీద గట్ల చెయ్య అమ్మీ. నా చేతులు రావు."

"బొమ్మకే గిట్ల భయపడితే రేపు నన్నెట్ల ముడ్తవ్? తప్పయితే ఆ తప్పు నా మీద. కానియ్."

అట్లా నేర్చుకుంది. ఆడమనిషికి అయిదు గుడ్డలు. మెడ నుంచి మోకాళ్ళు దాటే కుర్తా, తలకొకటి, ఛాతీకొకటి, కాళ్ళ దాకా ఇంకొకటి, అన్నిటి మీదా పెద్ద గుడ్డ. ఇష్రత్ అలవాటు కొద్దీ అంచులు మడిచి కుట్లు వేసింది. కుబ్రా బేగం కసిరింది.

"కుట్టొద్దు. చింపుడే. మట్టిల పోయేదానికి అంచెందుకు?"

"కొలతలు?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"నీ బుక్కుల ఉన్నయి గద" అంది కుబ్రా బేగం. "గవే సాలు."

పనిమంతురాలు కదా, బొమ్మ ఒడ్డూ పొడుగూ చూసి అయిదు గుడ్డలకూ ఎంతెంత కావాలో పుస్తకంలో రాసి పెట్టుకుంది. భయం పోలేదు గానీ చేతులకు దారి తెలిసింది.

ఒక మంగళవారం పొద్దున పదిగంటలకు ముబషిరా ఫోను చేసింది. డయాలసిస్‌కు చీర మార్చుకుంటూ అమ్మీ కూలిపోయిందని, ప్రాణం పోయిందని చెప్పింది. ఊరికి తీసుకొస్తున్నామంది. ఇష్రత్ ఫోను పెట్టేసింది. మాట మాటే. తెల్లగుడ్డ తెచ్చి, దుకాణం తలుపు మూసి, పుస్తకం తెరిచి, రాసుకున్న కొలతల ప్రకారం అయిదు ముక్కలూ చింపి పెట్టుకుంది. ఆఖరి స్నానానికి రేగాకు వేసి నీళ్ళు కాచింది. మధ్యాహ్నం అంబులెన్సు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

స్నానం చేయించడానికి పేటలోని ఇద్దరు ముసలమ్మలు తోడొచ్చారు. దుప్పటి కింద చెయ్యి పెట్టి భుజం పట్టుకోగానే ఇష్రత్ ఉలిక్కిపడింది. అది భయం వల్ల కాదు. చేతికి భుజం దొరకలేదు. ఎముక మాత్రం దొరికింది. ఇంకెవరినో తెచ్చారని ఒక్క క్షణం నిజంగానే అనుకుని ముఖం వంక చూసింది. అమ్మీయే. నీళ్ళు పోస్తూ, ఒక్కొక్క చెయ్యీ కడుగుతూ, ఆమె కళ్ళు వద్దన్నా కొలుస్తూనే ఉన్నాయి.

కఫన్ మీద పడుకోబెట్టి కుర్తా దించారు. అటు జానెడు, ఇటు జానెడు గుడ్డ నేల మీద పరుచుకుంది. అందులో ఇంకో మనిషి పట్టేటట్టు ఉంది.

"పెద్దగైతే ఏం కాదమ్మా, మడిచి చుట్టెయ్" అంది ఒక ముసలమ్మ.

గోడకు ఆనుకుని కూచున్న ముబషిరా అప్పుడు నోరు విప్పింది.

"అమ్మీనే చెప్పొద్దన్నది వదినా. అన్న దగ్గర కూడ ఒట్టు తీసుకున్నది. నా కోడలు దర్జీ, ఒక్కసారి చూసిందంటే ఎంత కరిగిపోయిననో పట్టేస్తది, మిషను మీద కూసొని ఏడుస్తది, చూడనియ్యకుండ్రి అన్నది."

ఇష్రత్ ఆ గుడ్డను పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. రోజూ ఆ మనిషికి చీరలు మార్చింది, శాలువాలు కప్పింది, సముద్రాలు చూపించింది. అవతల మంచం మీద మనిషి సగమైపోతుంటే ఇవతల ఆమె కొలతలు అంగుళం తగ్గలేదు. గంటన్నర బస్సు ప్రయాణం. అంతే దూరం. అంత దూరం పోలేకపోయింది.

"నాకు తెల్వదు అమ్మీ" అంది పైకే. "నాకు తెల్వలేదు."

మడవలేదు. కుర్తా తీసి, పక్కన మోకాళ్ళ మీద కూచుని, తన జానతో ఆ ఒంటిని కొలిచింది. భుజం నుంచి భుజానికి జానెడున్నర కూడా లేదు. పంటితో గాటు పెట్టి ఎక్కువైన గుడ్డను నిలువునా చింపింది. అట్లా అయిదు ముక్కలూ, ఒక్కొక్కటీ కొలిచి, ఒక్కొక్కటీ చింపింది. ముసలమ్మలు ఆలస్యమైతోందని గొణిగారు గానీ ఎవరూ ఆపలేదు. చివరికి పెద్ద గుడ్డ కప్పినప్పుడు ఎక్కడా ఒక వేలెడు వదులు లేదు.

ఆ తర్వాత నలభై రోజుల్లో పేటలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. కబురొచ్చింది. ఇష్రత్ వెళ్ళి కడిగి వచ్చింది. భయం ఉందా అని అఫ్జల్ అడిగితే, ఉందనే చెప్పింది.

నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం దుకాణంలో ఫోను తెరిచింది. సముద్రం ఒడ్డున అమ్మీ బొమ్మ నిలబడి ఉంది, నిండు బుగ్గలతో, నిండు చేతులతో. ఇష్రత్‌కు దాని మీద కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తనకు అబద్ధం చెప్పింది అదే. కనీసం ఇప్పుడైనా దాన్ని నిజం చెయ్యాలనిపించి కొలతల పట్టిక తెరిచింది. ఛాతీ తగ్గించింది, నడుము తగ్గించింది, బుగ్గలు లోపలికి నొక్కింది. బొమ్మ ఆమె కళ్ళముందే చిక్కిపోతూ వచ్చింది. మణికట్టు దగ్గరికొచ్చి కొలత తగ్గించే గీతను వేలితో ఎడమ పక్కకు జరిపింది. అది కొంతదూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ జరిపింది. కదల్లేదు. ఆ లోకంలో అంతకన్నా బక్క మనుషులు ఉండరట.

ఇష్రత్ ఆ మణికట్టు వంక చాలాసేపు చూసింది. అమ్మీది ఇంకా సన్నం. చేత్తో పట్టుకుంది కాబట్టి ఆమెకు తెలుసు.