పొగమంచులో నా ఫొటో

“నేను పార్సిల్‌ని కాదు మమ్మీ, ఎక్కడిదాకా వచ్చానో చూసుకోవడానికి.”

“పార్సిలైతే చెప్పిన టైముకి వస్తుందే. నిన్న కరోల్ బాగ్‌లో నీకేం పని?”

“గోల్‌గప్పాలు తిన్నా. అదీ చెప్పాలా? బస్, లొకేషన్ ఆపేశా. ఇంక నీకు కనపడను.”

“తలుపు తీసిపెట్టి అరుచుకోకండి,” అన్నాను నేను. “హీటరు వేడంతా మెట్లపాలవుతోంది.”

వాళ్ళిద్దరూ నా కూతురు లక్ష్మి, దాని కూతురు మేఘన. పిల్లకు గుడ్‌గావ్‌లో కొత్త ఉద్యోగం. మా ఇల్లు వసంత్ కుంజ్‌లో. ఆ రోజు రాత్రి జరిగింది చెబుతున్నాను. ఒక్క ముక్క కల్పించినా రేపు నాకు ముద్ద దిగకూడదు.

మేఘన వాళ్ళమ్మకు ఆపింది గానీ నాకు ఆపలేదు. ముసల్దానికి చూడటం ఏం వచ్చులే అనుకుందేమో. నా చదువు రెండో తరగతితో సరి. కానీ ఎవరెక్కడున్నారో ఫోనులో చూపే ఆ మ్యాపులో అక్షరాలతో పనిలేదు. గుండ్రటి ఫొటోలుంటాయి. పిల్లది పళ్ళన్నీ కనపడే నవ్వు. నాది మూతి బిగించిన ముఖం.

ఆ రాత్రి పొగమంచు... ఎదురు బ్లాకు దీపాలే కనపడలేదు. పిల్ల రాలేదు. ఫోన్ ఎత్తలేదు. లక్ష్మి బాల్కనీలోకీ లోపలికీ తిరుగుతోంది. నేను నా గదిలో లైటు వేయకుండా ఫోను తీశాను. లక్ష్మికి చెప్పలేదు. చెబితే పిల్ల నాకూ ఆపేస్తుంది.

నవ్వు ముఖం కనపడింది. రోడ్డు మీద మెల్లగా కదులుతోంది... హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు చూశాను.

దాని పక్కనే ఇంకో గుండ్రం. మూతి బిగించిన ముఖం.

నేనే.

కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. మేఘన కదిలితే... నేనూ కదిలాను. అది ఆగితే... నేనూ ఆగాను. మోకాళ్ళు తడిమి చూసుకున్నాను. మంచం మీదే ఉన్నాయి. కింద చౌకీదారు కర్ర చప్పుడు... టక్... టక్... మరి ఆ చలిలో పిల్లను అంటిపెట్టుకుని వెళ్తున్నది ఎవరు?

అయినా ఫోను కింద పెట్టబుద్ధి కాలేదు. “దాన్ని వదలకు,” అన్నాను మెల్లగా. ఎవరితో అన్నానో...

గేటు దాకా రెండు ముఖాలూ కలిసే వచ్చాయి. అక్కడ నాది మాయమైంది. బెల్లు మోగింది.

వాళ్ళమ్మ చీవాట్లన్నీ అయ్యాక మేఘన నా గదిలోకి వచ్చింది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

“క్యాబ్ భయ్యా దారి తప్పాడు అమ్మమ్మా. ఏ రోడ్డో తెలీలేదు. మమ్మీ కాల్ ఎత్తుదామంటే పొద్దున అంత గొడవపడ్డా కదా. ఫోన్‌లో చూస్తే నువ్వు నా పక్కనే ఉన్నావ్. వెనక ఇంకో క్యాబ్‌లో వస్తున్నావనుకున్నా. అమ్మమ్మ ఇంత ఖర్చు పెట్టిందా అని నవ్వొచ్చింది. భయం పోయింది.”

“నేను మంచం దిగలేదే.”

అది నా వంక చూసింది.

మంచుకు సిగ్నల్ తడబడి ఉంటుందన్నాడు అల్లుడు. ఉండొచ్చు. తడబడితే నేను ఊళ్ళో ఎక్కడో పడాలి గానీ, సరిగ్గా పిల్ల పక్కనే ఎందుకు పడ్డాను? నాకిప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున మేఘన నా ఫోను అడిగి తీసుకుంది. ఆపేస్తుందనుకున్నాను. ఛార్జింగుకు పెట్టింది.

“నాకూ మళ్ళీ పెట్టవే,” అంది లక్ష్మి డబ్బా సర్దుతూ.

“వద్దు మమ్మీ. నేనే కాల్ చేస్తా.”

“ఠీక్ హై,” అంది లక్ష్మి.

పిల్ల వెళ్ళింది. మంచు ఇంకా విడలేదు. బాల్కనీలోంచి ఏమీ కనపడలేదు. లక్ష్మి ఫోను మోగింది.

“మమ్మీ, గేటు దగ్గరున్నా.”